చెక్ డ్యామ్ దేన్ని ‘చెక్’ చేస్తుంది? – ఒక ఇంగ్లిష్ మాట పుట్టుక, అర్థాలు, వాడుక

పాలమూరు_పంతులు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెప్తాను. ఇవాళ ఎనిమిదో తరగతి పాఠంలో ‘చెక్’ అనే మాట వచ్చింది. ‘సరిచూడటం’ అని అర్థం చెప్పి ముందుకు పోతుంటే రెండో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

“సార్, చెక్ అంటే సరిచూసుడు అన్నరు గదా. మరి మా ఊరి వాగు మీద కట్టిన చెక్ డ్యామ్ ఏం సరిచూస్తది?”

నాకు నోట మాట రాలేదు. ఇంతలో తక్కిన పిల్లలు అందుకున్నారు. “మా నాయినకు అప్పట్ల రైతుబంధు చెక్కు వచ్చింది సార్, అదీ ఇదేనా?” అని ఒకడు. తన చొక్కా గుంజి చూపించి “దీన్ని చెక్స్ అంటరు” అని ఇంకొకడు. చెక్‌పోస్టు, బస్సుల చెకింగు, దవాఖానల చెకప్పు, చదరంగంల చెక్కు, పేపర్ల ‘చుండ్రుకు చెక్’. బోర్డు మీద రాసుకుంటూ పోతే నల్లబల్ల సగం నిండింది. బుధవారం చెప్తానని మాట ఇచ్చి బయటపడ్డాను.

ఇవన్నీ ఒకటే మాటా? లేక నాలుగైదు మాటలు మన చెవికి ఒకేలా వినిపిస్తున్నాయా? నిఘంటువు తిప్పితే అర్థాలు వరసగా ఉన్నాయి గానీ ఒకదానిలోంచి ఇంకొకటి ఎట్ల పుట్టిందో లేదు. పిల్లలకు అదే కావాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు | సోమవారం, రాత్రి 9:40

పంతులు గారూ, డ్యామ్ సంగతి నేను చెప్పగలను. నీటిపారుదల పనుల్లోనే ఇరవై ఏళ్లు తిరిగాను. చెక్ డ్యామ్‌లో ‘చెక్’ అంటే సరిచూడటం కాదు, నిలువరించడం. వానాకాలంలో వాగు ఉరుకుతుంటే అడ్డంగా ఒక తక్కువ ఎత్తు గోడ వేస్తాం. ప్రవాహం జోరు తగ్గుతుంది, కొట్టుకొచ్చిన ఒండ్రు అక్కడే దిగుతుంది, నీళ్లు నిలిచినన్నాళ్లు భూమిలోకి ఇంకుతాయి. చుట్టుపక్కల బావులు, బోర్లు ఆ ఇంకిన నీటితోనే బతుకుతాయి. ఇంగ్లిష్‌లో కోపాన్నో ఖర్చునో అదుపులో పెట్టుకోవడానికి కూడా ఇదే ‘చెక్’ వాడతారు కదా, అదే ఇది.

బ్యాంకు చెక్కు మాత్రం వేరే మాట అనుకుంటాను. దాని స్పెల్లింగే వేరు, చివర క్యూ-యు-ఇ ఉంటుంది.

మాటమూలం | సోమవారం, రాత్రి 11:05

పంతులు గారూ, మీ విద్యార్థినికి నా తరఫున శెభాష్ చెప్పండి. మీ బోర్డు మీద ఉన్నవన్నీ ఒకటే మాట. గోదారిగట్టు గారూ, బ్యాంకు చెక్కు కూడా అదే. అన్నీ చదరంగం బల్ల మీంచి దిగి వచ్చినవే.

ఆట మన దగ్గర పుట్టింది. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం – నాలుగు అంగాల సేన కాబట్టి చతురంగం. మనం చదరంగం అన్నాం. పర్షియా వాళ్లు ‘చత్రంగ్’ అన్నారు, అరబ్బులు ‘షత్రంజ్’ అన్నారు. ఆటలో రాజుని పర్షియన్ భాషలో ‘షాహ్’ అంటారు. ఎదుటివాడి రాజు మీదికి మన పావు గురిపెట్టినప్పుడు “షాహ్!” అని హెచ్చరించాలి. నీ రాజు ఆపదలో ఉన్నాడు, చూసుకో అని.

అరబ్బుల వెంట ఆట ఐరోపాకి వెళ్లింది. ఆ ‘షాహ్’ లాటిన్‌లో ‘స్కాకుస్’ అయింది, పాత ఫ్రెంచిలో ‘ఎషెక్’ అయింది. ఫ్రెంచి ఎషెక్ ఇంగ్లిష్‌లోకి వచ్చి ముందున్న ‘ఎ’ రాల్చుకుని ‘చెక్’ అయింది. అదే ఫ్రెంచి మాటకు బహువచనం ఇంగ్లిష్‌లో ‘చెస్’ అయింది. అంటే ‘చెస్’ అన్న పేరుకి అసలు అర్థం ‘రాజులు’.

ఇక అర్థాల సంగతి. రాజుకి చెక్ పడ్డాక ఆడేవాడు ఇంకే ఎత్తూ వేయడానికి లేదు, ముందు రాజుని కాచుకోవాలి. అనుకున్న పథకం అక్కడ ఆగిపోతుంది. ఆ ‘ఆగిపోవడం’ 14వ శతాబ్దానికే బల్ల దిగి మామూలు మాటల్లోకి వచ్చేసింది. హఠాత్తుగా ఆపడం, అడ్డుకోవడం, అదుపు చేయడం. మీ వాగు మీద ఉన్నది ఈ పాత అర్థమే. ‘సరిచూడటం’ ఆ తర్వాత చాలా కాలానికి, 17వ శతాబ్దం చివర్లో స్థిరపడింది. తప్పు జరగకుండా ఆపాలంటే లెక్కని ఇంకో లెక్కతో పోల్చి చూడాలి కదా. ఆపడంలోంచి సరిచూడటం పుట్టింది, సరిచూడటంలోంచి ఆపడం కాదు. పిల్లలకి మనం చివర పుట్టిన అర్థాన్ని మొదట చెప్తున్నాం, అందుకే డ్యామ్ దగ్గర తికమక.

చార్‌కమాన్ | మంగళవారం, ఉదయం 7:20

మాటమూలం గారూ, ఇది చదివి నిద్ర వదిలింది.

మా నాన్న పాతబస్తీలో ఒక గడియారాల దుకాణం అరుగు మీద ప్రతి ఆదివారం చదరంగం ఆడేవారు. ఆయన జోడీ ఆ దుకాణం యజమాని, పెద్దాయన, ఉర్దూలోనే మాట్లాడేవారు. నాన్న రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు “చెక్” అనేవారు. పెద్దాయన వేసినప్పుడు “షెహ్” అనేవారు. గెలిచినప్పుడు “షెహ్, ఔర్ మాత్!” అని బల్ల మీద వేలితో ఒక్క టక్కు. నేను ఆరేడేళ్లవాణ్ణి, పక్కన ఉస్మానియా బిస్కట్ తింటూ కూర్చునేవాణ్ణి. ఒకరు ఇంగ్లిష్‌లో అంటున్నారు, ఒకరు ఉర్దూలో అంటున్నారు, రెండూ వేరు వేరు మాటలు అనుకున్నాను ఇన్నేళ్లూ.

అంటే ఆ షెహ్ కూడా షాహ్ కాదూ? ఒకటి పర్షియా నుంచి నేరుగా హైదరాబాదుకి వచ్చింది, ఇంకొకటి బాగ్దాదు, స్పెయిను, ఫ్రాన్సు, ఇంగ్లాండు అన్నీ తిరిగి వచ్చింది. రెండూ ఆ అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నాయి. నాన్న ఉండుంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి.

ఒక సందేహం. గోల్కొండ కుతుబ్ షాల ‘షా’ కూడా ఇదేనా?

మాటమూలం | మంగళవారం, ఉదయం 8:02

చార్‌కమాన్ గారూ, మీరు చెప్పిన అరుగు కంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. అవును, షెహ్ అంటే షాహే.

కుతుబ్ షాలోని షా కూడా ఇదే. 1591లో హైదరాబాదు కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా పేరులోనూ, మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా పేరులోనూ ఉన్నది ఈ రాజే. మన కథల్లో పాదుషాలోనూ ఇదే ఉంది. గుజరాతీ ఇంటిపేరు ‘షా’ మాత్రం వేరు. అది సంస్కృతం ‘సాధు’లోంచి వచ్చింది, మన షావుకారుకి చుట్టం.

ఇంకా లోతుకి పోతే ఒక విశేషం ఉంది. పాత పర్షియన్‌లో షాహ్ రూపం ‘క్షాయథియ’. ఏలడం అనే అర్థం ఉన్న ధాతువులోంచి వచ్చింది. సంస్కృతంలో అదే ధాతువుకి చుట్టం ‘క్షయతి’ – ఏలుతున్నాడు. క్షత్రం, క్షత్రియుడు ఆ కుటుంబంలోవే. అంటే ‘చెక్’కి, ‘క్షత్రియ’కి దూరపు రక్తసంబంధం ఉంది. తరగతిలో ఇది చెప్పాలా వద్దా అన్నది పంతులు గారి ఇష్టం. నేనైతే చెప్తాను.

‘మాత్’ గురించి: రాజు చచ్చాడని అరబీ అర్థం చెప్తుంటారు. పర్షియన్‌లో ‘మాత్’ అంటే దిక్కుతోచక నిలబడిపోయినవాడు. ఆటకు ఈ అర్థమే బాగా కుదురుతుంది, ఎందుకంటే చదరంగంలో రాజుని ఎవరూ చంపరు, పట్టుకోరు. కదలడానికి చోటు లేకుండా చేస్తారు, అంతే. మన పెద్దవాళ్లు దీనికి పెట్టిన పేరు ఎంత బాగుందో చూడండి – ఆటకట్టు.

ఫ్రెంచి వాళ్లు ఇప్పటికీ ఓటమిని, వైఫల్యాన్ని ‘ఎషెక్’ అనే అంటారు. జర్మన్లకి చదరంగం ‘షాఖ్’, రష్యన్లకి ‘షాఖ్మతి’. అందరి నోటా అదే రాజు.

పాసుబుక్కు | మంగళవారం, ఉదయం 10:30

బ్యాంకులో ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యాను. చెక్కు గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మా హెడ్ క్యాషియర్ గారు నాకు చెప్పింది ఇదే.

చెక్కుబుక్కులో చింపి ఇచ్చే కాగితాన్ని ఇవాళ మనం చెక్కు అంటున్నాం. 18వ శతాబ్దం మొదట్లో ‘చెక్’ అన్నది ఆ కాగితాన్ని కాదు, పుస్తకంలో మిగిలిపోయే ముక్కని. అంటే కౌంటర్‌ఫాయిల్‌ని. బయటికి వెళ్లిన పత్రం దొంగదో అసలుదో తేల్చాలంటే మన దగ్గర ఉన్న ముక్క పక్కన పెట్టి అతుకు చూడాలి. మోసాన్ని అడ్డుకునేది ఆ ముక్క కాబట్టి దానికి ‘చెక్’ అని పేరు. తర్వాత ఆ పేరు మెల్లగా ముక్కలోంచి పత్రం మీదికి జారింది.

స్పెల్లింగ్ సంగతి. గోదారిగట్టు గారు వేరే మాట అన్నారు కదా. మొదట్లో ఇంగ్లాండులోనూ బ్యాంకు చెక్కుని సి-హెచ్-ఇ-సి-కె అనే రాసేవారు. రాజుగారి ఖజానాని ‘ఎక్స్‌చెకర్’ అంటారు, దాని పోలికతో క్యూ-యు-ఇ తగిలించారు. 1828లో లండన్‌లో బ్యాంకింగ్ మీద పుస్తకం రాసిన గిల్‌బర్ట్ అనే ఆయన, తికమక ఉండదని చెప్పి ఈ కొత్త రూపాన్నే ఎంచుకున్నాడు. అమెరికా వాళ్లు పాత రూపాన్నే ఉంచుకున్నారు. మనం ఇంగ్లాండు దారిలో ఉన్నాం. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఉన్నదీ క్యూ-యు-ఇ చెక్కే.

ఆ చట్టంలో 138వ సెక్షన్ అందరూ తెలుసుకోవాలి. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే నేరం కిందికి తెచ్చిన సెక్షన్ అది, 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా పడొచ్చు. కౌంటరు ముందు ఎంతమందిని చూశానో చెప్పలేను. ఆడపిల్ల పెళ్లికి భూమి అమ్ముకుని, కొన్నవాడు ఇచ్చిన చెక్కుని తువ్వాల్లో మడిచి తెచ్చిన ఒక రైతుకి ‘ఖాతాలో సొమ్ము లేదు’ అని నా చేత్తో నేనే స్లిప్పు రాసి ఇచ్చాను. ఆయన దాన్ని ఎంతసేపో అటూ ఇటూ తిప్పి చూశాడు. నాకు ఇప్పటికీ ఆ చేతులు గుర్తున్నాయి.

పంతులు గారూ, చెక్కు మూడు నెలల్లోపు వేసుకోవాలని కూడా పిల్లలకి చెప్పండి. 2012 ఏప్రిల్‌కి ముందు ఆరు నెలలు ఉండేది. ఇళ్లల్లో పాత లెక్క మీద ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు.

లెక్కలచెట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

పాసుబుక్కు గారు ‘ఎక్స్‌చెకర్’ పేరు ఎత్తారు కాబట్టి అక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

12వ శతాబ్దం ఇంగ్లాండులో ప్రతి జిల్లా వసూళ్ల అధికారి ఏడాదికి రెండుసార్లు రాజుగారి ఖజానాకి వచ్చి లెక్క అప్పజెప్పాలి. ఆ వచ్చేవాళ్లలో చాలామందికి చదవడం రాదు. సున్నా ఉన్న మన అంకెలు అక్కడి సర్కారు కార్యాలయాలకి ఇంకా చేరలేదు, రోమన్ అంకెలతో కూడికలు, తీసివేతలు కాగితం మీద చేయడం నరకం. అందుకని పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు బల్ల ఒకటి వేశారు. చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు అంచు, పైన నల్ల గుడ్డ, గుడ్డ మీద గీతలు. ఒక్కో వరస ఒక్కో స్థానం: పెన్నీలు, షిల్లింగులు, పౌండ్లు, ఇరవైలు, వందలు, వేలు. బిళ్లలు పెడుతూ తీస్తూ లెక్క చూపించేవారు. చదువు రానివాడికి కూడా తాను ఎంత బాకీ ఉన్నాడో కళ్లెదుట కనపడేది.

గీతల గుడ్డ చదరంగం బల్లలా ఉంది కాబట్టి ఫ్రెంచిలో ‘ఎషెకియే’, అంటే చదరంగం బల్ల అన్నారు. అదే ఎక్స్‌చెకర్. ఆ ఖజానాలో పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే అధికారి ఆ కాలంలోనే ఈ పద్ధతంతా రాసిపెట్టాడు. పేరుకి ఇంకో కారణం కూడా చెప్పాడు – చదరంగంలో లాగే ఇక్కడా ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తలపడతారు, ఒకవైపు ఖజానాదారు, ఒకవైపు వసూళ్ల అధికారి. ఇవాళ్టికీ బ్రిటన్ ఆర్థికమంత్రి ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’, అంటే చదరంగం బల్ల మంత్రి.

రసీదులు ఏమిటో తెలుసా? కర్రలు. పుల్ల మీద అడ్డంగా గంట్లు పెట్టేవారు. వెయ్యి పౌండ్లకి అరచేయి మందం గంటు, వందకి బొటనవేలు మందం, ఇరవైకి చిటికెనవేలు మందం, ఒక పౌండుకి బార్లీ గింజంత. తర్వాత పుల్లని నిలువునా చీల్చి చెరొక చెక్కా తీసుకునేవారు. మళ్లీ కలిపితే గంట్లు అతకాలి. పాసుబుక్కు గారి కౌంటర్‌ఫాయిల్‌కి తాతముత్తాత ఇదే. ఈ కర్రల పద్ధతి 1826లో ఆగింది. పేరుకుపోయిన కర్రల్ని 1834 అక్టోబరు 16న పార్లమెంటు కింద ఉన్న పొయ్యిల్లో వేసి కాల్చారు. మంట అదుపు తప్పి పాత పార్లమెంటు భవనం తగలబడిపోయింది.

నేను లెక్కల మాష్టార్ని. స్థానం విలువ పాఠం చెప్పేటప్పుడు నేల మీద సుద్దముక్కతో ఇలాంటి బల్ల గీసి చింతగింజలతో ఆడిస్తాను. పంతులు గారూ, మీరూ చేసి చూడండి, పిల్లలు లేవరు.

మగ్గంగుంట | మంగళవారం, సాయంత్రం 5:48

మాది మంగళగిరి వైపు, నేతకుటుంబం. చెక్స్ చొక్కా పిల్లాడికి నేను జవాబు చెప్తా.

చదరంగం బల్లని ‘చెకర్’ అన్నారు, దాన్ని పొట్టి చేసి గుడ్డ మీది గళ్లని కూడా ‘చెక్’ అన్నారు. ఇంగ్లిష్ వాళ్లు ఆట బల్ల పేరు గుడ్డకి పెట్టుకున్నారు. మనం అలా కాదు. చదరంగం బల్లలోనూ గడే, గుడ్డలోనూ గడే. గళ్ల లుంగీ, గళ్ల తువ్వాలు, గళ్ల చీర, పేపర్లో గళ్ల నుడికట్టు. గడి అన్న మాట ముందు, మిగతావన్నీ తర్వాత.

ఒక్కటి మాత్రం ఉంది. మగ్గం మీద గడి చదరంగం గడిలా రాదు. పడుగులో (నిలువు పోగుల్లో) ఇరవై పోగులు ఎరుపు, ఇరవై పోగులు తెలుపు వేశాననుకోండి. పేకలో (అడ్డపోగుల్లో) కూడా అదే లెక్కన, పోగుని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె మార్చుకుంటూ నేయాలి. ఎరుపు మీద ఎరుపు పడ్డచోట నిండు ఎరుపు, తెలుపు మీద తెలుపు పడ్డచోట నిండు తెలుపు. ఎరుపూ తెలుపూ దాటుకున్నచోట గులాబీలా మూడో రంగు కనపడుతుంది. బల్ల మీద రెండే రంగులు, గుడ్డ మీద మూడు. ఆ పిల్లాణ్ణి తన చొక్కా దగ్గరగా పెట్టుకుని చూడమనండి. అచ్చు వేసిన చొక్కా అయితే కనపడదు, నేసింది అయితే కనపడుతుంది. పేకలో ఒక్క పోగు లెక్క తప్పితే గడి పొడుగైపోతుంది. మా అమ్మ గుడ్డని మూలకి మడిచి చూసేది, గళ్లు గళ్ల మీద కూర్చుంటే సరే అనేది. దాన్నీ చెక్ చేయడం అనే అంటారేమో మీరు.

టెక్సాస్_తులసి | మంగళవారం, రాత్రి 8:10

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ మాట నన్ను బాగా కంగారు పెట్టింది. విమానాశ్రయం కౌంటర్లో అమ్మాయి “బ్యాగ్ చెక్ చేస్తారా?” అని అడిగింది. సోదా అనుకుని నేను గబగబా జిప్పు తీసి ఆవకాయ సీసా, అప్పడాలు, కారప్పొడి డబ్బాలు బల్ల మీద పేర్చడం మొదలుపెట్టాను. వెనక వరసంతా నిలబడి చూస్తోంది. ఆవిడ అడిగింది ‘సామాను మాకు అప్పగిస్తారా, చేతపట్టుకు వెళ్తారా’ అని! వెనకున్న ఒక పెద్దావిడ, మన నెల్లూరావిడే, వచ్చి “అమ్మాయ్, మూసెయ్, వాళ్లకి ఇచ్చెయ్యడమే చెక్ అంటే” అని చెప్పారు.

ఇప్పుడు పాసుబుక్కు గారు చెప్పింది చదివాక అర్థమైంది. సామాను ఇస్తే చేతికి బిళ్లో చీటీయో ఇస్తారు కదా, దాన్ని ‘చెక్’ అన్నారు. అతుకు చూసుకునే ముక్క! హోటల్లో కోటు ఇచ్చినా అంతే. ఇక్కడ హోటల్లో తిన్నాక బిల్లు అడగాలన్నా ‘చెక్’ అనాలి. మన దగ్గర ‘టిక్కు’ పెట్టమనేదాన్ని ఇక్కడ ‘చెక్ మార్కు’ అంటారు. మా అబ్బాయి ఇండియా వెళ్లినప్పుడు వాళ్ల తాతయ్య “టిక్కు పెట్టు నాన్నా” అంటే పురుగేమో అని చూశాడు. మన పిడుదుని ఇంగ్లిష్‌లో టిక్ అంటారు మరి.

నల్లరేగడి | మంగళవారం, రాత్రి 9:03

కర్నూలు నుంచి. మన తెలుగు ‘చెక్కు’ సంగతి ఎవురూ ఎత్తలేదే. ఉర్లగడ్డ చెక్కు తీస్తాం, రాతిని చెక్కుతాం. ఎన్నేండ్లయినా ‘చెక్కు చెదరలేదు’ అంటాం. దీనికీ ఇంగ్లిష్ చెక్కుకీ ఏమన్నా సంబంధం ఉందా? ఇంకోటి, ఆటల పేజీలో ‘చెక్ క్రీడాకారిణి’ అని రాస్తా ఉంటారు. చిన్నప్పుడు చెస్ ఆడే పాప అనుకుంటా ఉంటి, టెన్నిస్ ఆడేదాన్ని చూసి.

మాటమూలం | మంగళవారం, రాత్రి 9:50

నల్లరేగడి గారూ, మన చెక్కు అచ్చంగా మనదే, చెక్కకి చుట్టం. పర్షియా రాజుతో దానికి ఏ సంబంధమూ లేదు. చెక్ దేశం పేరు అక్కడి జనం పేరు, అదీ వేరే. మూడు వేరు వేరు మాటలు తెలుగు లిపిలో ఒకే గూటికి చేరాయి.

మీ ప్రశ్న వల్ల నాకు ఒకటి తట్టింది, రోజంతా అదే ఆలోచిస్తున్నాను. ఇంగ్లిష్ వాళ్లు ఇన్ని అర్థాలు ఒక్క మాట నెత్తిన పెట్టారు. విడదీయడానికి ఒక్కచోట స్పెల్లింగ్ మార్చారు, అది కూడా చెవికి తెలియదు. తెలుగు వాళ్లం ఏం చేశామో చూడండి. బ్యాంకు కాగితం అయితే ‘చెక్కు’, చివర ఉకారం పెట్టి మన మాట చేసేసుకున్నాం. చెక్కులు, చెక్కుల పంపిణీ, చెక్కు చెల్లలేదు. సరిచూడటం అయితే ‘చెక్ చేయడం’. అడ్డుకోవడం అయితే ‘చెక్ పెట్టడం’. బట్ట అయితే ఎప్పుడూ బహువచనమే, ‘చెక్స్’. బస్సులోనో రోడ్డు మీదో సోదా అయితే ‘చెకింగ్’. ఒంటికి అయితే ‘చెకప్’. ‘నిన్న నాకు చెక్ చేశాడు’, ‘నిన్న నాకు చెక్ పెట్టాడు’, ‘నిన్న నాకు చెక్కు ఇచ్చాడు’ – మొదటిది తప్పని, తక్కిన రెండూ ఒకటి కాదని బడికి పోనివాళ్లు కూడా ఠక్కున చెప్తారు. ఎవరూ నేర్పలేదు. తెచ్చుకున్న మాటని పక్కన ఒక క్రియ పెట్టి, చివర ఒక అచ్చు పెట్టి ఇంత శుభ్రంగా సర్దుకున్న పని ఏ పండితుడిదీ కాదు, సంతల్లో, బస్సుల్లో, బ్యాంకు వరసల్లో మాట్లాడుకున్న జనానిది.

పలకాబలపం | మంగళవారం, రాత్రి 10:25

సర్దుకోవడం బాగానే ఉంది గానీ, ‘చెక్ పెట్టడం’ పేరు చెప్పి మన మాటల్ని చంపేస్తున్నాం. అడ్డుకట్ట వేయడం, కళ్లెం వేయడం, ముకుతాడు వేయడం, ఆటకట్టించడం ఏమైపోయాయి? పేపరు తెరిస్తే పొట్టకి చెక్, చుండ్రుకు చెక్, అవినీతికి చెక్, దోమలకు చెక్. గుర్రానికి కళ్లెం, ఎద్దుకి ముకుతాడు, నీళ్లకి అడ్డుకట్ట. ప్రతి మాట వెనక ఒక బొమ్మ ఉండేది. వాటిలో ఏది ఎక్కడ వాడాలో ఎంచుకోవడమే తెలుగు రావడం అంటే. నేను ఉపసంపాదకుణ్ణిగా పనిచేసిన రోజుల్లో శీర్షికలో ‘చెక్’ వేస్తే మా పెద్దాయన ఎర్ర సిరాతో కొట్టేసి, “ఇక్కడ కళ్లెమా, అడ్డుకట్టా, ఏది కావాలో ఆలోచించి పట్రా” అనేవారు. రెండక్షరాలు కాబట్టి శీర్షికలో సులువుగా పడుతుందని ఇప్పుడు అన్నిటికీ అదే.

బంటుమంత్రి | మంగళవారం, రాత్రి 11:10

పిల్లలకి చదరంగం నేర్పుతాను. పలకాబలపం గారితో ఏకీభవిస్తాను, నా కారణం వేరు. ఈ శీర్షికలు ఆట ప్రకారం కూడా తప్పు. చెక్ అంటే ఆట అయిపోవడం కాదు. హెచ్చరిక మాత్రమే. చెక్ పడినవాడికి మూడు దారులు ఉంటాయి: రాజుని పక్క గడిలోకి జరపడం, మధ్యలో ఇంకో పావుని అడ్డం పెట్టడం, చెక్ పెట్టిన పావునే కొట్టేయడం. మూడూ లేనప్పుడే ఆటకట్టు. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఊరికే “చెక్, చెక్” అని రాజుని తరుముతారు, రాజు మెల్లగా భద్రమైన మూలకి చేరుకుంటాడు, వీళ్ల పావులు చెల్లాచెదురవుతాయి. చెక్ పెట్టే ముందు ‘దీనివల్ల నాకేంటి’ అని అడుగు అని రోజూ మొత్తుకుంటాను. ‘అవినీతికి చెక్’ అని రాస్తే అది పక్క గడిలోకి జరిగిందనే అర్థం. నిజంగా అంతమైతే ‘ఆటకట్టు’ అని రాయాలి.

వార్డుదీపం | బుధవారం, ఉదయం 6:30

రాత్రి డ్యూటీ దిగి చదివాను. విశాఖలో నర్సుని. ‘సరిచూడటం’ చిన్నబోయినట్టు అనిపించింది, దాని తరఫున నాలుగు మాటలు.

1935 అక్టోబరులో అమెరికాలో బోయింగ్ వాళ్ల కొత్త బాంబరు విమానం పరీక్షకి లేచి కూలిపోయింది. యంత్రంలో లోపం లేదు, పైలట్లు అనుభవం లేనివాళ్లూ కాదు. నేల మీద గాలికి రెక్కల భాగాలు కదలకుండా వేసే లాకు తీయడం మరిచిపోయారు. ఆ తర్వాతే పైలట్లకి చెక్‌లిస్టు వచ్చింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్లకి 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. మేము రోజూ గట్టిగా చదువుతాం: పేషెంటు పేరు, ఏ వైపు, ఏ మందు పడదు, గాజుగుడ్డల లెక్క. ఒకసారి లెక్కలో ఒక గాజుగుడ్డ తక్కువ వస్తే సర్జన్ గారు కుట్టడం ఆపి, దొరికేదాకా చేతులు పైకెత్తి నిలబడ్డారు. అక్కడ సరిచూడటమే ఆపడం. రెండూ వేరు కాలేదు.

పాలమూరు_పంతులు | బుధవారం, సాయంత్రం 6:15

అందరికీ పేరుపేరునా దండాలు. ఇవాళ తరగతికి చదరంగం బల్ల పట్టుకుపోయాను. చార్‌కమాన్ గారి అరుగు కథతో మొదలుపెట్టాను. క్షత్రియ దాకా పోయినా పిల్లలు విన్నారు. లెక్కలచెట్టు గారి బల్ల నేల మీద గీశాం, చింతగింజలు దొరకలేదు, కంది గింజలు వాడినం. చెక్స్ చొక్కా పిల్లాడు చొక్కా కళ్ల దగ్గర పెట్టుకుని చూసి “మూడు రంగులున్నయ్ సార్!” అని అరిచాడు. తర్వాత తరగతిల గళ్ల బట్ట వేసుకున్న ప్రతి ఒక్కరినీ నిలబెట్టి చూశారు.

చివర ఆ పిల్లని అడిగాను, ఇప్పుడు చెప్పు, మీ వాగు మీద డ్యామ్ ఏం చేస్తది అని. కాసేపు ఆలోచించి, “వాగు రాజు సార్. డ్యామ్ షెహ్ అన్నది. కానీ మొన్న పెద్దవానకు నీళ్లు మీదికెళ్లి పొర్లి పోయినయ్. మరి ఆగినట్టా, ఆగనట్టా?” అన్నది. బంటుమంత్రి గారి మాట గుర్తొచ్చింది. కానీ డ్యామ్ సంగతి గోదారిగట్టు గారే చెప్పాలి.

గోదారిగట్టు | బుధవారం, రాత్రి 7:02

ఆ అమ్మాయి సరిగ్గా చూసింది. పొర్లిపోవాలనే దాన్ని అంత ఎత్తుకే కడతాం, పైభాగం నీళ్లు దాటడానికి వీలుగా వదులుతాం. మొత్తం ఆపాలనుకుంటే గోడ పెద్దదవుతుంది, పునాది మారుతుంది, పొలాలు మునుగుతాయి, అప్పుడది చెక్ డ్యామ్ కాదు. వాన వెలిసిన వారానికి ఆ పిల్లల్ని వాగు దగ్గరికి తీసుకెళ్లండి పంతులు గారూ. గోడకి పైవైపు ఎంత ఒండ్రు దిగిందో కర్ర గుచ్చి చూడమనండి. దగ్గర్లో ఏ బావి ఉన్నా వానకి ముందు నీటిమట్టం, తర్వాత నీటిమట్టం తాడుతో కొలిచి రాసుకోమనండి. కొలతలు ఇక్కడ పెడితే నేను చూసి చెప్తాను.